కొత్త కాపురంలో ఆటలూ, బయటి భోజనాలూ: మొదటి ఏడాదికి సమగ్ర మార్గదర్శి

పెళ్లికి ముందు వారంలో నాలుగైదు రోజులు షటిల్ ఆడినవారు, పెళ్లయిన ఆరు నెలలకే రాకెట్ అటకెక్కిందనీ, బయట తినడం మాత్రం రెట్టింపయిందనీ తరచుగా రాస్తున్నారు. ఆటా కావాలి, ఇష్టమైన హోటల్లో భోజనమూ కావాలి, ఇంట్లో పెద్దలకు మాట రాకూడదు, జీతం నెలాఖరు దాకా రావాలి. ఇవన్నీ ఎలా కుదురుతాయన్నదే వారి ప్రశ్న. హైదరాబాదు వంటి నగరంలో ఇద్దరూ ఉద్యోగం చేస్తున్న కొత్త జంటను దృష్టిలో పెట్టుకుని ఈ మార్గదర్శిని రాస్తున్నాను. విశాఖలో, విజయవాడలో, బెంగళూరులో ఉన్నవారికీ ఇందులో చాలాభాగం అలాగే వర్తిస్తుంది.

ఒక విషయం ముందే చెప్పాలి. ఆట ఆగిపోవడానికి బద్ధకం కారణమని అందరూ అనుకుంటారు కానీ, పెళ్లయిన మొదటి ఏడాది వచ్చే విందులు, వ్రతాలు, పుట్టింటి ప్రయాణాలు, అల్లుడి మర్యాదలు అసలు కారణం. వాటిని ముందుగా లెక్కలోకి తీసుకోని ఏ టైం టేబులూ రెండు నెలలకు మించి నిలవదు. అందుకే ఇక్కడ సొంత వారం కంటే ముందు పంచాంగం వస్తుంది, భోజనం కంటే ముందు ఆట వస్తుంది. ఈ వరుసను మార్చవద్దు.

1. మొదట ఇద్దరూ కూర్చుని తేల్చుకోవలసినవి

ఒక సెలవు రోజు పొద్దున, ఫోన్లు పక్కన పెట్టి, ఒక గంటసేపు మాట్లాడుకుంటే ఈ పని పూర్తవుతుంది. కాగితం మీద రాసుకోవడం మంచిది, ఎందుకంటే నోటితో అనుకున్నవి వారం తిరగకుండానే ఎవరికి అనుకూలంగా వారికి గుర్తుంటాయి.

- ఎవరికి ఏ ఆట ఇష్టం, అందులో ఏది కలిసి ఆడగలరు, ఏది విడిగా ఆడవలసినది.
- ఎవరి స్నేహితుల జట్టు ఏ రోజు కలుస్తుంది, దానికి నిజంగా ఎన్ని గంటలు పడుతుంది.
- బయటి తిండిలో ఎవరికి ఏది పడదు: కారం, నెయ్యి, సముద్రపు చేపలు, రాత్రి పూట మాంసం.
- ఏ రోజుల్లో మాంసాహారం తినరు. రెండు ఇళ్ల ఆనవాయితీలు ఒకటి కాకపోవచ్చు.
- పాత గాయాలు, మోకాలి నొప్పులు, ఉబ్బసం, బీపీ వంటివి ఏమైనా ఉన్నాయా.

రెండవ అంశం దగ్గర నిజాయితీగా ఉండండి. ఆదివారం క్రికెట్ అంటే పొద్దున ఆరింటికి బయలుదేరి, మ్యాచ్ అయ్యాక టిఫిన్, ఆ తర్వాత కబుర్లు ముగించుకుని మధ్యాహ్నానికి ఇల్లు చేరడం. దాన్ని రెండు గంటల ఆటగా చెప్పడం వల్లనే గొడవలు వస్తాయి. ఆరు గంటలు పడితే ఆరు గంటలనే రాయండి. నెలకు రెండు ఆదివారాలు జట్టుకు, రెండు ఆదివారాలు ఇంటికి అని పంచుకున్న జంటలు ఎక్కువ కాలం ఆడుతున్నాయి.

భాగస్వామికి ఆటలంటే ఇష్టం లేకపోతే బలవంతం చేయకండి. మీరు కోర్టులో ఉన్న గంటసేపు ఆయన లేదా ఆమె పక్కనే నడిచినా చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం చెబుతోంది, వేగంగా నడవడం కూడా అందులోకే వస్తుంది.

2. మొదటి ఏడాది పంచాంగం చూసి రాసుకోవడం

ఆట వేళలు, కోర్టు సభ్యత్వం, హోటల్ బుకింగులు ఏవీ ఖాయం చేసుకోకముందే ఈ మెట్టు పూర్తి చేయాలి. తిథులు ఏటా మారుతాయి కనుక ఆ సంవత్సరపు పంచాంగం దగ్గర పెట్టుకుని, గోడ క్యాలెండరు మీద పెన్సిలుతో గీతలు గీయండి.

పదహారు రోజుల పండుగ: ఈ పదహారు రోజుల్లో పసుపుతాడు మెడలో ఉంటుంది, బంధువుల రాకపోకలు ఉంటాయి. చెమట పట్టే ఆటలకు ఇది సమయం కాదు. సాయంత్రం నడకతో సరిపెట్టుకోండి.

ఆషాఢం: కొత్త కోడలు పుట్టింటికి వెళ్లే ఆచారం ఉన్న ఇళ్లలో దాదాపు నెల రోజులు జంట విడిగా ఉంటుంది. జూన్ మొదటి వారంలో మూడు నెలల కోర్టు సభ్యత్వం కట్టేవారు డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ఆషాఢం దాటేవరకు గంట లెక్కన బుక్ చేసుకోండి, లేదా సభ్యత్వాన్ని నెలపాటు నిలిపి ఉంచే వీలుందో లేదో కట్టకముందే అడగండి. పుట్టింటి దగ్గర కోర్టు చూసుకుంటే ఈ నెల వృథా కాదు. పాత స్నేహితురాళ్లతో ఆడుకోవడానికి ఇంతకంటే మంచి అవకాశం మళ్లీ రాదు.

శ్రావణం: కొత్తగా పెళ్లయినవారు ఐదేళ్లపాటు శ్రావణ మంగళవారాల్లో మంగళగౌరీ వ్రతం చేసుకుంటారు. మీ ఆట రోజు మంగళవారమైతే ఆ నెల మొత్తానికి బుధవారానికి మార్చేయండి. వరలక్ష్మీ వ్రతం శుక్రవారం వస్తుంది కనుక ముందురోజు గురువారం రాత్రి బయటి భోజనం పెట్టుకోవద్దు, ఆ రాత్రి పని ఎక్కువ.

అట్లతద్ది: ఆశ్వయుజంలో వచ్చే ఈ నోములో తెల్లవారకముందే భోంచేసి, ఆడుకోవడం, ఉయ్యాలలూగడం ఆచారంలోనే ఉన్నాయి. ఆ తర్వాత చంద్రుణ్ణి చూసేదాకా ఉపవాసం కనుక, ఆడాలనుకుంటే తెల్లవారుజామునే తేలికగా ఆడి ముగించండి. సాయంత్రం కోర్టు వద్దు.

కార్తికం: చాలా ఇళ్లలో నెలంతా మాంసాహారం ఉండదు, సోమవారాలు ఉపవాసం. బిర్యానీ అలవాటును పక్కన పెట్టి, మంచి శాకాహార భోజనం పెట్టే హోటళ్లను వెతుక్కోవడానికి ఈ నెల వాడుకోండి.

సంక్రాంతి: భోగి నుంచి కనుమ, ముక్కనుమ దాకా కొత్త అల్లుడు అత్తవారింట్లో ఉంటాడు, ముఖ్యంగా గోదావరి జిల్లాల్లో మర్యాదలకు అంతుండదు. ఆడే బూట్లు పెట్టెలో పెట్టుకుని వెళ్లండి. పండుగ పూట ఊళ్లో క్రికెట్టో కబడ్డీయో వాలీబాలో ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది, బావమరుదులతో కలిసిపోవడానికి అంతకంటే తేలిక దారి నాకు తెలియదు.

క్రైస్తవ, ముస్లిం కుటుంబాలు లెంట్, రంజాన్ రోజులను ఇదే విధంగా గుర్తు పెట్టుకోవాలి. రంజాన్‌లో ఉపవాసం ఉండేవారు ఇఫ్తార్ అయిన గంటన్నర, రెండు గంటల తర్వాత తేలికగా ఆడితే మంచిది.

3. వారానికి చట్రం వేసుకోవడం

క్యాలెండరు మీద గీతలు పడ్డాక మిగిలిన ఖాళీల్లో మొదట ఆట గంటలు పెట్టండి. ఆ తర్వాతే బయటి భోజనాలు. తారుమారైతే ఏమవుతుందో అందరికీ అనుభవమే: శుక్రవారం రాత్రి పదకొండింటికి బిర్యానీ తింటే శనివారం పొద్దున ఆరింటి స్లాటు దానంతట అదే రద్దవుతుంది, కట్టిన డబ్బు తిరిగి రాదు.

ఉద్యోగస్థులైన జంటకు సరిపోయే ఒక అమరిక ఇది.

- సోమవారం: విశ్రాంతి, ఇంటి వంట.
- మంగళవారం పొద్దున: ఇద్దరూ ఒక గంట షటిల్.
- బుధవారం: రాత్రి భోజనం తర్వాత అరగంట నడక.
- గురువారం పొద్దున: షటిల్, వస్తూ దారిలో టిఫిన్.
- శుక్రవారం: ఇంటి వంట, త్వరగా నిద్ర.
- శనివారం సాయంత్రం: స్నేహితులతో బాక్స్ క్రికెట్ (చుట్టూ వల కట్టిన చిన్న మైదానంలో ఆడేది) లేదా షటిల్, ఆ తర్వాత బయట భోజనం.
- ఆదివారం: జట్టు మ్యాచ్, లేదా అత్తవారిల్లు, పుట్టిల్లు.

దీనిలో కదపకూడనిది శనివారం వరుస ఒక్కటే. ఆట ముగిశాక వచ్చే భోజనం కోసమైనా ఆటకు వెళ్తారు. భోజనం ముగిశాక ఆటకు ఎవరూ వెళ్లరు.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రపు స్లాట్లు మానేయండి. చాలా షటిల్ కోర్టులు రేకుల షెడ్లలో ఉంటాయి, పగలంతా కాగిన రేకు రాత్రి ఎనిమిదింటికి కూడా చల్లబడదు. పొద్దున ఐదున్నర, ఆరు గంటల వేళే మేలు. వానాకాలంలో దీనికి భిన్నంగా చూసుకోవాలి: పైకప్పు లేని టర్ఫులు (కృత్రిమ గడ్డి పరిచిన మైదానాలు) తడిసి కాలు జారుతుంది కనుక బాక్స్ క్రికెట్ తగ్గించి షటిల్ పెంచండి.

పెద్దలతో కలిసి ఉంటున్నవారు ఈ చట్రాన్ని ఇంట్లో చెప్పి ఉంచాలి. చెప్పే తీరును బట్టే వారి స్పందన ఉంటుంది. రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసి "మేం తినేసి వస్తున్నాం" అంటే, అప్పటికే వండిపెట్టిన ఆవిడ నొచ్చుకోవడంలో తప్పు లేదు. పొద్దున్నే "అత్తయ్యగారూ, ఇవాళ రాత్రి మేమిద్దరం బయట తిని వస్తాం, మీకూ మామయ్యగారికీ ఏం చేసి పెట్టమంటారు?" అని అడిగితే ఆ రోజు గడిచిపోతుంది. నెలకొకసారి బయటి భోజనానికి వారిని కూడా తీసుకువెళ్లండి, ఆ రోజు హోటలు ఎంపిక వారిదే కావాలి.

4. సామాను: బూట్లు, రాకెట్, మెట్టెలు, నల్లపూసలు

ఆట సామాను గురించి అంతటా దొరుకుతుంది కానీ, కొత్తగా పెళ్లయిన అమ్మాయిలు అడిగే ప్రశ్నకు జవాబు ఎక్కడా దొరకదు: మెట్టెలతో బూట్లు వేసుకుని పరుగెత్తడం ఎలా?

షటిల్‌లో ముందుకు పెద్ద అడుగు వేసి ఆగిన ప్రతిసారీ వేళ్లన్నీ బూటు ముందుభాగానికి ఒత్తుకుంటాయి. అప్పుడు రెండవ వేలికి ఉన్న మెట్టె పక్క వేలిని ఒరుస్తుంది. మెట్టె అడుగున విడిగా ఉండే రెండు కొసల్లో ఒకటి పైకి లేచి ఉంటే అరగంటలో చర్మం లేచిపోతుంది. దీనికి వరుసగా చేయవలసినవి ఇవి.

1. బూట్లు కొనేటప్పుడు మెట్టెలు ఉంచుకునే, ఆడేటప్పుడు వేసుకునే మందపు మేజోళ్లతోనే తొడిగి చూడండి. సాయంత్రం పూట కొంటే మేలు, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది.
2. పొడవైన వేలికి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, ముందుభాగం వెడల్పుగా ఉండాలి.
3. ఆటకు వెళ్లే రోజుల్లో మువ్వలు, రాళ్లు, రెండు మూడు చుట్లు ఉన్న మెట్టెలకు బదులు సన్నని, నునుపైన ఒక చుట్టు మెట్టెలు పెట్టుకోండి. కొసలు లేచి ఉంటే కంసాలి చేత నొక్కించండి.
4. మెట్టె మీదుగా మెడికల్ షాపులో దొరికే కాగితపు టేపును ఒక చుట్టు వేయండి. బిగించవద్దు. ఆట అవగానే తీసి, వేళ్ల మధ్య తడి తుడవండి.
5. వేలు ఉబ్బినా, రంగు మారినా ఆ రోజుకు మెట్టె తీసేయడం తప్ప మరో మార్గం లేదు. తీయడానికి ఇంట్లో పట్టింపు ఉంటే ముందుగానే మాట్లాడి ఉంచుకోండి.

నల్లపూసలు, సూత్రాల గొలుసు పొడవుగా ఉంటే స్మాష్ కొట్టే ఊపులో ఎగిరి ముఖానికి తగులుతాయి. పొట్టి నల్లపూసల గొలుసు ఆటకు వేరుగా ఉంచుకోవచ్చు. పొడవైనదైతే మెడ దగ్గర బిగువుగా ఉండే టీషర్టు లోపలికి వేసుకోవాలి. పిన్నీసుతో గుచ్చడం వద్దు, కింద పడినప్పుడు అదే గుచ్చుకుంటుంది. గాజు గాజులు తీసి వెళ్లండి. అబ్బాయిల విషయానికి వస్తే, పెళ్లి ఉంగరంతో బ్యాటు పట్టడం, కంచె ఎక్కి బంతి తీయడం ప్రమాదం. ఉంగరం ఎక్కడైనా చిక్కుకుంటే వేలికే ముప్పు. సంచిలో జిప్పున్న చిన్న అరలో పెట్టండి.

రాకెట్ విషయంలో మొదలుపెట్టేవారికి 80 నుంచి 84 గ్రాముల మధ్య బరువు, తీగలకు 22 నుంచి 24 పౌండ్ల బిగువు సరిపోతాయి. ఈకల కాక్ త్వరగా విరిగిపోతుంది కనుక నైలాన్ కాక్‌తో నేర్చుకోండి. నైలాన్ కాక్‌ల డబ్బా మీద రంగు గుర్తు ఉంటుంది: ఆకుపచ్చ నెమ్మదిగా వెళ్లేది, నీలం మధ్యస్థం, ఎరుపు వేగవంతం. గాలి వేడెక్కిన కొద్దీ కాక్ దూరం పోతుంది, అందుచేత మన ఎండలకు ఆకుపచ్చ గుర్తుదే తగినది. చాలామంది షాపువాడు ఇచ్చింది తెచ్చుకుని, ప్రతి కాక్ గీత దాటిపోతుంటే తమ చేతిని తప్పుపడతారు.

సంచిలో ఉండవలసినవి:

- నాన్ మార్కింగ్ బూట్లు (కోర్టు నేల మీద మరకలు పడనివ్వనివి), ఇంటి నుంచి తొడుక్కుని రాకుండా విడిగా.
- ఇద్దరికీ రెండు తువ్వాళ్లు, అదనపు టీషర్టు, మేజోళ్లు.
- లీటరు నీళ్ల సీసాలు రెండు.
- క్రేప్ బ్యాండేజీ, కాగితపు టేపు, దూది.
- ఆట తర్వాత హోటలుకు వెళ్లే రోజైతే మడత నలగని ఒక జత బట్టలు.

5. ఆట రోజు తిండి

భారీ భోజనానికీ ఆటకూ మధ్య మూడు గంటలు ఉండాలి. తేలికపాటి తిండికి గంట, గంటన్నర చాలు. పొద్దున ఆరింటికి ఆడేవారు అరటిపండు ఒకటి, కొంచెం నీళ్లతో బయలుదేరవచ్చు. సాయంత్రం ఏడింటి ఆటకు ఐదున్నరకు రెండు ఇడ్లీలో, గుప్పెడు వేరుశనగలూ బెల్లమో తింటే కడుపులో బరువు ఉండదు. మిర్చి బజ్జీ, సమోసా మీద ఆడితే తేన్పులు తప్పవు.

ఆటకు రెండు గంటల ముందు రెండు గ్లాసుల నీళ్లు తాగండి. ఆటలో పదిహేను, ఇరవై నిమిషాలకొకసారి రెండు మూడు గుక్కలు. ఎండాకాలంలో గంటకు మించి ఆడితే ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, లేదా కొబ్బరినీళ్లు తీసుకోండి.

ఆట తర్వాత టిఫిన్‌కు పెసరట్టు నా మొదటి ఎంపిక, పెసలలో మాంసకృత్తులు ఉంటాయి, నూనె తగ్గించి వేయమని చెప్పవచ్చు. ఇడ్లీ సాంబారు, గుడ్లు కూడా మంచివే. పూరీ, మైసూరు బజ్జీ వారానికొకసారికి మించనీయకండి. పొద్దున గంట ఆడి, వస్తూ దారిలో నేతి కారం దోసె, వడ, పైన బాదం పాలు తీసుకుంటే ఆ గంటలో ఖర్చయినదానికంటే ఎక్కువే లోపలికి పోతుంది.

6. ఇద్దరూ కలిసి ఆడేటప్పుడు

ఆట వచ్చినవారు రానివారికి కోర్టులో నేర్పబోవడమే కలహాలకు మూలం. పాయింటు నడుస్తుండగా సలహా ఇవ్వకూడదు; అడిగితే తప్ప ఆట తర్వాత కూడా వద్దు. నేర్పవలసి వస్తే ఒక నెల కోచ్ దగ్గర చేర్చండి. భర్త నేర్పే పాఠం కంటే, భార్య నేర్పే పాఠం కంటే, మూడో మనిషి నేర్పేది త్వరగా వంటబడుతుంది.

స్థాయి తేడా ఉంటే ఆటను మార్చుకోండి. బాగా ఆడేవారు పూర్తి కోర్టు కాపాడాలి, ఎదుటివారు సగం కోర్టు కాపాడితే చాలు. లేదా 21 పాయింట్ల ఆటలో ఒకరు సున్నా నుంచి, మరొకరు ఎనిమిది నుంచి మొదలుపెట్టండి. డబుల్స్‌లో ఒకే వైపు ఆడేటప్పుడు నడిమి కాక్ ఎవరిదో ముందే మాట్లాడుకుని, ప్రతిసారీ "నాది" అని గట్టిగా పిలవండి. రాకెట్లు గుద్దుకోవడం, మోచేతులు తగలడం దీనితో చాలావరకు తగ్గుతుంది.

ఆటకు ముందు పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించడం మానవద్దు: నడక, మెల్లని పరుగు, భుజాలు తిప్పడం, పిక్కలు సాగదీయడం. నెలరోజుల విరామం తర్వాత వెళ్తే మొదటి రెండు రోజులు సగం సేపే ఆడండి. ఛాతీలో బిగువు, తల తిరగడం, ఎన్నడూ లేని ఆయాసం వస్తే వెంటనే ఆపి వైద్యుణ్ణి కలవాలి.

మడమ బెణికితే నూనె మర్దన, వేడి కాపడం, జెండూబామ్ రుద్దడం మొదటి రెండు రోజులు చేయకూడదు. మంచుముక్కలు గుడ్డలో చుట్టి పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టి, క్రేప్ బ్యాండేజీ కట్టి, కాలు ఎత్తులో ఉంచండి. ఆ కాలి మీద నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే ఎక్స్ రే అవసరం.

7. బయటి భోజనం: ఎంపిక నుంచి బిల్లు దాకా

శనివారం ఆట ఎక్కడో, భోజనం కూడా అక్కడికి దగ్గరలోనే చూసుకోండి. గచ్చిబౌలిలో ఆడి, పాతబస్తీ బిర్యానీ కోసం నగరం ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్తే పదింటికి కానీ టేబులు దొరకదు. చార్మినార్ వైపు వెళ్లాలనిపిస్తే ఆదివారాన్ని దానికే కేటాయించండి, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లతో మొదలుపెట్టి నిదానంగా తిరగండి.

ఆర్డరు ఇచ్చేటప్పుడు ఈ వరుస పాటించండి. ముందు నీళ్లు లేదా మజ్జిగ. దాహాన్ని ఆకలి అనుకుని ఎక్కువ చెప్పేయడం ఆట తర్వాత సహజం. తర్వాత ఇద్దరికీ కలిపి ఒక స్టార్టర్, అది వచ్చాక మిగతావి. ఫుల్ బిర్యానీ సాధారణంగా ఇద్దరికి సరిపోతుంది, వేరువేరుగా చెప్పవలసిన పనిలేదు. రాగి సంగటి, నాటుకోడి పులుసు ఉన్నచోట సంగటి ముద్ద ఒకటి చెప్పి, చాలకపోతే రెండోది తెప్పించుకోండి. హలీం రోజుల్లో రాత్రి పొద్దుపోయాక తిన్న గిన్నెడు హలీం మాంసం, గోధుమ, నెయ్యి కలిసిన బరువైన తిండి. మర్నాడు పొద్దున ఆట పెట్టుకోకుండా ముందే జాగ్రత్తపడండి.

మిగిలినది మూట కట్టించుకుంటే రెండు గంటల లోపల ఫ్రిజ్‌లో పెట్టాలి, మండు వేసవిలో గంటలోపే. వండిన అన్నం బయట ఉండిపోతే అందులో పెరిగే కొన్ని బాక్టీరియాల విషం మళ్లీ వేడిచేసినా పోదు. మర్నాడు పొగలు వచ్చేదాకా ఒక్కసారే వేడిచేసి తినేయండి.

బిల్లు చూసే పద్ధతి:

- తిన్నవి, తెచ్చినవి సరిపోయాయా.
- 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు ఉందా. 2022 జనవరి నుంచి బిల్లు మీద ఇది తప్పనిసరి.
- జీఎస్టీ మామూలు రెస్టారెంట్లలో 5 శాతమే. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే పెద్ద హోటళ్లలోని రెస్టారెంట్లలో 18 శాతం ఉండవచ్చు.
- సర్వీస్ చార్జి కలిపారా. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం దాన్ని హోటలువారు తమంతట తాము బిల్లులో కలపకూడదు. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఈ మార్గదర్శకాలను సమర్థించింది.

1,200 రూపాయల భోజనానికి 5 శాతం పన్నుతో బిల్లు 1,260 కావాలి. పది శాతం సర్వీస్ చార్జి వేసి, దాని మీద కూడా పన్ను కలిపితే 1,386 అవుతుంది. ఆ 126 రూపాయలు తీసేయమని మర్యాదగా అడగండి. కాదంటే 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. సర్వరుకు ఇవ్వాలనిపిస్తే నేరుగా చేతికివ్వండి.

8. డబ్బు

ఆటకూ బయటి భోజనానికీ కలిపి నెలకు ఒకే మొత్తం కేటాయించండి, ఆట ఖర్చు అందులోంచి మొదట తీసేయండి. ఉదాహరణకు నెలకు పది వేలు అనుకుంటే, గంటకు 400 చొప్పున ఎనిమిది గంటల కోర్టుకు 3,200, కాక్‌లకు, గ్రిప్పులకు 800. మిగిలిన ఆరు వేలల్లో శనివారం భోజనాలు నాలుగింటికి 4,800, టిఫిన్లకు 1,200. మీ ఊళ్లో ధరలు వేరుగా ఉంటే అంకెలు మార్చుకోండి, వరుస మాత్రం ఇదే ఉంచండి. ఇంటికి తెప్పించుకునే తిండి కూడా ఈ లెక్కలోదే. దాన్ని కిరాణా ఖర్చులో వేయడం వల్లనే చాలా లెక్కలు తప్పుతున్నాయి.

9. విందుకు పిలిచినప్పుడు

మొదటి ఏడాది బంధువులు పిలిచే విందులకు కాదనడం కుదరదు, కాదనకూడదు కూడా. వేళ మాత్రం మీ చేతిలో ఉంటుంది. "పిన్నీ, రాత్రికి కాకుండా ఆదివారం మధ్యాహ్నం వస్తాం, నింపాదిగా కూర్చోవచ్చు" అంటే ఎవరూ కష్టపెట్టుకోరు, మర్నాటి పొద్దుటి ఆటా నిలుస్తుంది. ఒకే వారంలో రెండు విందులు ఒప్పుకోవద్దు. తప్పనిసరైతే ఆ వారం బయటి భోజనం రద్దు చేయాలి, ఆటను కాదు.

వడ్డనలో ఒక ఉపాయం ఉంది. మొదటిసారి అన్నీ కొంచెం కొంచెమే వేయించుకుని, నెమ్మదిగా తినండి. కొసరి వడ్డించేవారికి రెండోసారి వేయించుకోవడమే ఆనందం. మొదటే నిండుగా వేయించుకుని రెండోసారి వద్దంటే వంట నచ్చలేదనుకుంటారు. విస్తరిలో ఏదీ పూర్తిగా ఖాళీ కానివ్వకండి, ఖాళీ అయినది మళ్లీ నిండుతుంది. అలెర్జీ ఉంటే మాత్రం మొహమాటపడకుండా పిలిచిన రోజే ఫోనులో చెప్పాలి.

10. స్టేడియంలో మ్యాచ్ చూసే రోజు

ఉప్పల్ స్టేడియానికి నాగోలు, రాయదుర్గం మధ్య నడిచే మెట్రోలో స్టేడియం స్టేషన్‌లో దిగవచ్చు. రాత్రి ఏడున్నరకు మొదలయ్యే ఐపీఎల్ మ్యాచ్ పదకొండు దాటవచ్చు కనుక ఆఖరి రైలు వేళ ముందే చూసుకోండి. సీసాలు, బయటి తిండి, పెద్ద సంచులు సాధారణంగా లోపలికి రానివ్వరు. ఐదున్నరకే కడుపు నిండా తిని వెళ్తే లోపల అధిక ధర పెట్టనక్కరలేదు, అర్ధరాత్రి హోటలు వెతకనక్కరలేదు. మర్నాడు పొద్దున కోర్టు బుక్ చేయవద్దు.

11. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దే తీరు

రెండు వారాలు ఆట తప్పిందని మొత్తం మానేయడం: మళ్లీ మొదలుపెట్టేటప్పుడు పూర్తి టైం టేబులు వద్దు. గురువారం ఒక్క గంటతో ప్రారంభించి, మూడు వారాలు నిలిచాక రెండవ రోజు కలపండి.

ఒకరి స్నేహితుల్లోనే ఇద్దరూ కలిసిపోవాలనుకోవడం: ఆమె షటిల్ జట్టు, ఆయన క్రికెట్ జట్టు వేరుగానే ఉండనివ్వండి. నెలకొకసారి రెండు జట్లనూ భోజనానికి కలిపితే చాలు.

అలసటతో ఇంటికొచ్చాక ఒకరే గిన్నెలు తోమడం, ఇద్దరి చెమట బట్టలూ ఒకరే ఉతకడం: కొత్త కాపురంలో ఆట ఆగిపోయే కారణాల్లో ఇది చాలా పెద్దది, ఎవరూ బయటికి చెప్పుకోనిది కూడా. ఆట ఇద్దరిదైనప్పుడు ఆట తర్వాత పనీ ఇద్దరిదే. సంచి ఖాళీ చేయడం ఒకరు, టిఫిన్ డబ్బాలు కట్టడం ఒకరు అని ముందే పంచుకోండి.

గర్భం నిలిచినట్టు తెలిసినప్పుడు ఎవరికి తోచినట్టు వారు నిర్ణయించడం: అత్తగారి మాట, స్నేహితురాలి మాట పక్కన పెట్టి, ఏ ఆట కొనసాగించవచ్చో, ఏది ఆపాలో డాక్టరమ్మనే అడగండి.

12. ఆదివారం రాత్రి చూసుకోవలసిన పట్టిక

- వచ్చే వారం పండుగ, వ్రతం, విందు, ప్రయాణం ఏమైనా ఉన్నాయా.
- రెండు ఆట గంటలు బుక్ అయ్యాయా.
- శనివారం భోజనం ఎక్కడ, ఆ పూట ఇంట్లో పెద్దలకు ఏం ఏర్పాటు.
- నెల మొత్తంలో ఎంత మిగిలింది.
- కాక్‌లు, గ్రిప్పు, టేపు ఉన్నాయా.
- ఎవరికైనా నొప్పి ఉందా. ఉంటే మంగళవారం ఆటకు బదులు నడక.
- ఉతికిన మేజోళ్లు సంచిలో ఉన్నాయా.